అమ్మా ఆగు, పోలీసోళ్లు వెంటవడ్డరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే సూరారంలో తమ్ముడింట్లో ఇమడలేకపోయాను. అమ్మ మనవల్ని వదిలి రానంది. నేను మచ్చ బొల్లారంలో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకొని ఒక్కదాన్నే ఉంటున్నాను. పొద్దున కంపెనీ బస్సెక్కి జీడిమెట్లలో మందుగోళీల ఫ్యాక్టరీకి పోతాను. ప్యాకింగ్ సెక్షన్‌లో బెల్టు మీద కదిలే స్ట్రిప్పులను చూస్తూ నిలబడటం నా పని. గోళీ తక్కువున్న స్ట్రిప్పు కనబడితే తీసి పక్కన పడేయాలి. బెల్టు ఎంత వేగంగా తిరగాలో నన్ను ఎవరూ అడగరు. బస్సు ఎంత వేగంగా పోవాలో అసలే అడగరు. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, కుక్కర్ పెట్టి, టీవీ ముందు చాప వేసుకొని కూర్చున్నాకే వేగం నా చేతికొస్తుంది.

అది టీవీకి తగిలించి ఆడే కార్ల పందెం ఆట. ఏదో పేరు లేని పట్నం, ఎప్పుడూ వాన వెలిసినట్టు తళతళలాడే రోడ్లు. రోడ్డు దాటేవాడు ఉండడు, అడ్డంగా గేదె రాదు, రాంగ్ సైడులో ట్రాక్టర్ ఎదురుకాదు. నిజం కారు నడిపినట్టు ఉండదా అని ఫ్యాక్టరీలో ఒకామె అడిగింది. ఉండదు, ఉండకపోవడమే దాని గొప్ప అన్నాను. మలుపు దగ్గర వేగం తగ్గించక్కర్లేదు. బ్రేకును ఒక్కసారి తాకి వదిలితే కారు అడ్డంగా జారుకుంటూ, పొగ చిమ్ముకుంటూ తిరుగుతుంది. ఆ ఆటలో బ్రేకు ఉన్నది ఆగడానికి కాదు, తిరగడానికి. గోడకు గుద్దుకుంటే నిప్పురవ్వలు రాలతాయి, అంతే. పోతే మళ్లీ మొదలు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది పోలీసులు వెంటపడటం. పందెం మధ్యలో ఎక్కడో సైరన్ మొదలవుతుంది. ఒక బండి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, పైన హెలికాప్టర్ లైటు తిరుగుతుంది. సందుగొందుల్లో తిప్పి తిప్పి వాళ్ల కళ్లు గప్పి, ఏదో షెడ్డు వెనక చీకట్లో ఇంజను ఆపేసి కూర్చోవాలి. తెర కింద ఒక గీత మెల్లగా తగ్గుతుంది. అది సున్నా అయ్యేదాకా సైరన్లు దగ్గరికొస్తాయి, దూరం పోతాయి, మళ్లీ దగ్గరికొస్తాయి. ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటాను. కుక్కర్ కూతలు లెక్క తప్పుతాయి, అన్నం మెత్తబడుతుంది, అయినా లేవను. పగలంతా సూపర్‌వైజరు మీద, బస్సులో కాలు తొక్కినవాడి మీద మిగిలిపోయిన కోపమంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నా అంత నెమ్మదస్తురాలు మా సందులో ఉండదు.

ఆదివారం మాత్రం నేను నిజం బండి నడుపుతాను. మా చర్చి మేడ్చల్‌లో. నడవలేని అవ్వలను, బస్సు దొరకని ఆడవాళ్లను తెచ్చేందుకు సంఘానికి ఒక పాత వ్యాను ఉంది. దాన్ని నడిపే ఆయనకు కంటిచూపు తగ్గాక ఎవరూ ముందుకు రాలేదు. నేను వచ్చాను. ఆడపిల్ల హైవే మీద వ్యాను నడపడమా అని సంఘపెద్ద చాలా రోజులు నాన్చాడు. లైసెన్సు చూపించాను, ఆయన్ను ఎక్కించుకొని కొంపల్లి దాకా పోయి వచ్చాను, అప్పటికి గాని తాళంచెవి ఇవ్వలేదు. ఇచ్చేటప్పుడు కూడా ఒక మాట అన్నాడు.

"ఒక్క కంప్లేంటు వచ్చినా చావి మళ్ల నా జేబులకొస్తది, యాదివెట్టుకో."

ఆ తాళంచెవి నాకెంత ముఖ్యమో చెబితే నవ్వుతారు. వారమంతా ఎవరో నడిపే బండ్లలో కూర్చునే మనిషిని. ఆదివారం పొద్దున పన్నెండు మంది నా వెనక కూర్చుని, నన్ను నమ్మి కునుకు తీస్తారు. ఆ నమ్మకం పోతే నాకు మిగిలేది టీవీలో పరిగెత్తే కారే. ఆ మాటకొస్తే, ఆ కారులో పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే.

ఇక ఆ శుక్రవారం సాయంత్రం సంగతి. వెనక నాలుగు పోలీసు బండ్లు, ముందు ఒక వంతెన. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకొని, కళ్లు తెర మీద నుంచి తియ్యకుండానే అరిచాను.

"అమ్మా ఆగు, పోలీసోళ్లు వెంటవడ్డరు! దొర్కకుంట వోవాలె, మళ్ల జేస్త!"

ఫోను పెట్టేశాను. పోలీసులకు దొరకలేదు. ఆ సంతోషంలో అమ్మ సంగతి మరిచిపోయాను. శనివారం మధ్యాహ్నం గుర్తొచ్చి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పిల్లలు పాటలు వింటూ చార్జింగ్ అవగొట్టి ఉంటారనుకున్నాను.

అసలు జరిగింది తర్వాత తెలిసింది. అమ్మకు గేమ్ అంటే ఫోనులో రంగురంగుల మిఠాయిలు కలిపేది ఒక్కటే. టీవీలో కార్లు పరిగెత్తించే ఆట ఒకటుందనీ, దానిలో పోలీసులుంటారనీ ఆమెకు ఎవరు చెప్పారు? ఫోనులో సైరన్లు వినబడ్డాయి, కూతురు దొరకకుండా పోవాలన్నది. మళ్లీ ఫోన్ చేస్తే పోలీసులు విని నేనున్న చోటు పట్టేస్తారని తన ఫోను ఆపేసి, బియ్యం డబ్బాలో పెట్టి మూతేసింది. తమ్ముడికి చెప్పలేదు. చెబితే వాడి నోరు ఊరంతా చాటుతుందట. శనివారం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు పోయి, దేవుడికి మాత్రం చెప్పింది.

మా కూడికలో ఒక పద్ధతి ఉంది. పేరు చెప్పుకోలేని కష్టం ఉంటే పేరు లేకుండానే ప్రార్థన అడగొచ్చు. 'ఒక ఆడబిడ్డ కోసం, ఆమె పేరు దేవునికి తెలుసు' అంటే చాలు, అందరూ కళ్లు మూసుకుంటారు. మర్యాద కోసం పెట్టిన పద్ధతే. కానీ ఎవరి కష్టమో పేరు చెప్పి ఉంటే ఒకరో ఇద్దరో పట్టించుకుంటారు, చెప్పకపోతే కళ్లు మూసుకున్న ప్రతి ఒక్కరూ లెక్క కడతారు. అమ్మ లేచి, ఒక ఆడబిడ్డ వెనక పోలీసులు పడ్డారు, ఆమెకు ఏ ఆపదా రాకుండా ప్రార్థించండి అని ఏడ్చింది. అమ్మకున్నది ఒక్కతే ఆడబిడ్డ. ఆమేన్ అనే లోపే లెక్క తేలిపోయింది.

ఆదివారం పొద్దున నేను ఇవేమీ తెలియకుండా వ్యాను తీశాను. మొదట ఎక్కే అవ్వ ప్రతి ఆదివారం నా బ్రేకు మీద ఏదో ఒక వంక పెట్టేది. ఆ రోజు ఎక్కుతూనే నా తల మీద చెయ్యి పెట్టి, కిమ్మనకుండా పోయి కూర్చుంది. ఇంకొకామె వేడి వేడి అప్పాల డబ్బా ఒళ్లో పెట్టి, "తిను బిడ్డా, ఎప్పుడేమైతదో" అంది. సూరారంలో అమ్మ ఎక్కింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఫోను ఏమైందే అంటే, పెదాల మీద వేలు పెట్టి వెనక సీటులోకి పోయింది. ఎవరో నా మీద కంప్లేంటు చేశారు, ఇవాళ తాళంచెవి తీసుకుంటారు, ఇది అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు అనుకున్నాను.

ఆరాధనలో ఒక్క వాక్యం నా చెవికెక్కలేదు. నేను ఎటు చూసినా ఎవరో ఒకరు చూపు తిప్పుకుంటున్నారు. ఆరాధన అయ్యాక శామీర్‌పేట దగ్గర ఒక తోటలో బాప్తిస్మాలున్నాయి, అందరినీ అక్కడికి తీసుకుపోవాలి. సంఘపెద్ద ఎప్పుడూ తన స్కూటరు మీద వస్తాడు. ఆ రోజు వచ్చి నా పక్కసీటులో కూర్చున్నాడు.

"ఏంది అంకుల్, స్కూటర్ ఖరాబైందా?"

"ఏం గాలె. నువ్వు నడుపు. నేను సూస్త."

మేడ్చల్ దాటేదాకా గేరు మార్చిన ప్రతిసారీ ఆయన నా చేతికేసే చూస్తున్నాడు. నేను ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా నడిపాను. ముందు కంకర లారీ నత్తనడక నడుస్తుంటే దాటలేదు. వెనక నుంచి కారువాడు హారన్ కొట్టి చంపుతుంటే కిటికీలోంచి తల బయట పెట్టి నాలుగు తిట్టలేదు. వ్యానులో పాటలు లేవు, ముచ్చట్లు లేవు. వేరే ఆదివారాల్లో ఆపమన్నా ఆపని మనుషులు.

రింగ్ రోడ్డు కింది నుంచి దాటి కొంత దూరం పోయాక పోలీసులు కనబడ్డారు. బండ్ల తనిఖీ. పసుపు పచ్చ బారికేడ్లు, జీపు, నలుగురు మనుషులు. వాళ్లలో చిన్నవాడు, ఇంకా మీసం సరిగా రాని కానిస్టేబుల్, రోడ్డు మధ్యకొచ్చి నాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

నా వెనక ఒక్కసారిగా ప్రార్థన లేచింది. ఒక గొంతు కాదు, అన్నీ కలిసి. "యేసయ్యా, యేసయ్యా" అని అవ్వ, "నీ చెయ్యి అడ్డం వెట్టు తండ్రీ" అని ఇంకొకామె. సంఘపెద్ద డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఏం జరుగుతుందో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా భయం అంటుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చేయని నాకు చెమటలు పట్టాయి. నిజం చెప్పాలి, ఆ రెండు మూడు క్షణాల్లో నా కళ్లు రోడ్డును టీవీ తెరను చూసినట్టే చూశాయి. బారికేడ్లకూ కాలువగట్టుకూ మధ్య వ్యాను పట్టేంత సందు ఉంది. అవతల ఎడమకు మట్టి తోవ ఉంది. ఎక్కడ బ్రేకు తాకాలో, ఎక్కడ తిప్పాలో అంతా తెలిసిపోయింది. చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి.

తెలియడం వేరు, చేయడం వేరు. నా కాలు ఎప్పుడో బ్రేకు మీదికి పోయింది. ఇండికేటర్ వేశాను, మట్టిలోకి దించాను, ఆపాను, హ్యాండ్ బ్రేకు లాగాను. అవ్వల తలలు ముందు సీట్లకు తగలలేదు.

ఆ కానిస్టేబుల్ నా కిటికీ దగ్గరికి వచ్చేలోపే వెనక తలుపు జర్రున తెరుచుకుంది. అమ్మ దూకినట్టే దిగింది. చేతిలో బట్టల సంచి. నాకూ అతనికీ మధ్యకొచ్చి నిలబడింది.

"సారూ, నా బిడ్డ ఏం జేయలె. ఏమన్న ఉంటె నన్ను తీస్కపోండ్రి. నేను తయారై వచ్చిన."

ఆ అబ్బాయి ఆమెనూ సంచినీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది పెద్దమ్మా, ఎక్కడికి తీస్కపోవాలె? పొల్యూషన్ కాగితం సూపెట్టుమంటున్న."

కాగితం చూపించాను. సరిగానే ఉంది. లైసెన్సు చూశాడు, పొమ్మన్నాడు. కానీ అమ్మ కదల్లేదు. సంచిలో రెండు చీరలు, బీపీ గోళీలు, బైబిలు ఉన్నాయని తర్వాత చూశాను. వ్యానును ఇంకొంచెం ముందుకు తీసి, దిగి, అమ్మ భుజాలు పట్టుకొని ఏమైందే అని గట్టిగా కుదిపాను.

"శుక్రారం నువ్వే గద అన్నవ్, పోలీసోళ్లు వెంటవడ్డరని! సైరన్లు సుత ఇన్న!"

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. "అది ఆట అమ్మా! టీవీల ఆట!" అని రోడ్డు మీదే అరిచాను. కిటికీల్లోంచి పన్నెండు మొహాలు విన్నాయి. ఒకరిద్దరు నవ్వారు, ప్రాణం లేచొచ్చినట్టు. అప్పాలిచ్చినామె "దేవునికి స్తోత్రం" అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. సంఘపెద్ద దిగి వచ్చి చెయ్యి చాపాడు.

"చావి ఇయ్యి."

"అంకుల్, అది ఆట. ఉత్త ఆట."

"ఇన్న. పోలీసోళ్లను తప్పించుకోని ఉరికే ఆట. గోడలకు తాకుతదట, మళ్ల లేస్తదట, మా మనుమడు సుత ఆడ్తడు. గా ఆట మరిగిన చేతుల్ల ఇంతమంది పానాలు ఎట్ల వెట్టమంటవ్?"

"నేను ఆపిన గద! మీ కండ్ల ముందే గద ఆపిన!"

"ఇయ్యాల నేను పక్కకున్న. మీ అమ్మ ప్రార్థన అడిగింది గద, వచ్చే ఆదివారం సాక్ష్యం జెప్తది. సంఘం ఇన్నంక సూద్దాం."

నా నాలుక చివరి దాకా చాలా మాటలొచ్చాయి. అవ్వలు వింటున్నారని మింగేశాను. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వెనక సీటులో అమ్మ పక్కన కూర్చున్నాను. ఆయన శామీర్‌పేట దాకా రెండో గేరులోనే నడిపాడు. ఇంజను మూలిగిన ప్రతిసారీ నా ఎడమ కాలు లేని క్లచ్చును తొక్కింది. అమ్మ వైపు చూడలేదు.

మా సంఘంలో ప్రార్థన అడిగినవాళ్లు తిరిగి లేచి, దేవుడు ఏం చేశాడో నలుగురిలో చెప్పాలి. లేకపోతే అప్పు ఎగ్గొట్టినట్టే చూస్తారు. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. అమ్మ లేచి 'టీవీ ఆట చూసి భయపడ్డాను' అంటే ఆమె నవ్వులపాలు, నేను ఆటపిచ్చిదాన్ని. సంఘపెద్దకు కావలసింది అదే. బుధవారం ఫ్యాక్టరీ నుంచి నేరుగా సూరారం పోయాను. ఫోను బియ్యం డబ్బాలోంచి బయటికొచ్చింది గాని అమ్మ ఇంకా తేరుకోలేదు.

"ఏదో కష్టముండె, దేవుడు తీర్చిండు అని జెప్పి కూసో అమ్మా. ఆట ముచ్చట తియ్యకు. అంకుల్‌కు నేను నచ్చజెప్పుకుంట."

"ముచ్చట దాస్తే అబద్ధపు సాక్ష్యమే గద బిడ్డా."

"మరి నా బండి?"

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. నేను గడప దగ్గరి చెప్పును విసిరికొట్టి బయటికొచ్చాను. ఇంటికొచ్చి ఆట పెట్టాను గాని, షెడ్డు వెనక దాక్కుని కూర్చుంటే ఒక్కసారికే విసుగొచ్చింది. నా బండి తాళం నిజంగానే ఎవరి జేబులోనో ఉంటే ఇక్కడ దొరక్కపోతే ఎంత, దొరికితే ఎంత?

ఆదివారం షేర్ ఆటోలు మారి చర్చికి పోయాను. సాక్ష్యాల వేళ ముందు ఒకాయన కొడుకు ఉద్యోగం గురించి చెప్పాడు, ఒకామె మోకాలి నొప్పి గురించి చెప్పింది. తర్వాత అమ్మ లేచింది. ముసుగు సర్దుకుంది. నేను కింద చాప అల్లిక చూస్తున్నాను.

"అందరికి వందనాలు. పోయిన శనారం ఒక ఆడబిడ్డ కోసం ప్రార్థన జేయుమన్న. పేరు జెప్పలె. గామె నా బిడ్డనే, మీకందరికి ఎర్కనే. పోలీసోళ్లు గీలీసోళ్లు ఎవ్వరు లేరు. అది టీవీల ఆట. నాకు తెల్వక మిమ్ముల పరేషాన్ జేసిన."

మగవాళ్ల వైపు నుంచి నవ్వులు. సంఘపెద్ద నవ్వలేదు, తల ఊపాడు. అయిపోయింది అనుకున్నాను. కానీ అమ్మ కూర్చోలేదు.

"శామీర్‌పేట తొవ్వల నిజం పోలీసోళ్లు చెయ్యి అడ్డం వెట్టిన్రు. మీరందరు కండ్లు మూస్కోని ప్రార్థన జేసిన్రు. నేను సుత జేసిన. ఏమని జేసిన్నో ఇయ్యాల జెప్త. దేవా, నా బిడ్డ కాలు బ్రేకు మీదికి పోనియ్యకు, బండి ఆపనియ్యకు, ఉరికియ్యి అని మొక్కిన. ముందట గా పోలీసు పిలగాడు నిలవడ్డడు. గాయనకు సుత తల్లి ఉంటది. నాకు కండ్లు కనవడలె. తాకినా మంచిదే, ఉరికియ్యి అన్న. నా బిడ్డ బత్తి ఏసి, పక్కకు దీసి, మెల్లగ ఆపింది. ఒక్క అవ్వకు తల తాకలె."

ముసుగు అంచుతో కళ్లు తుడుచుకుంది.

"నా ప్రార్థన దేవుడు ఇనలె. ఇననందుకు స్తోత్రం. గదే నా సాక్ష్యం."

కూర్చుంది. ఎవరూ ఆమేన్ అనలేదు. ప్రార్థన వినబడనందుకు స్తోత్రం చెప్పడం మా సంఘంలో ఎవరూ ఎరగరు, దానికి ఏమనాలో పాస్టరు అయ్యగారికి కూడా తోచలేదు. చివరికి నా బ్రేకుకు వంకలు పెట్టే అవ్వ ఉన్నచోటనే కూర్చుని పెద్దగా "ఆమేన్" అంది. ఆ వెంటే అందరూ అన్నారు. నేను అనలేకపోయాను. ఏడుస్తున్నాను. బుధవారం చెప్పు విసిరిన మనిషినే.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "రెండో గేరు జర గట్టిగున్నది, సూపియ్యి" అన్నాడు. ఆయన క్షమాపణ అంతే.

అందరినీ ఎక్కించుకున్నాను. అమ్మను వెనక్కి పోనివ్వలేదు, పక్కసీటులో కూర్చోబెట్టాను. హైవే ఎక్కేదాకా చేతులు ఒళ్లో పెట్టుకొని ఎదురుగా చూస్తూ కూర్చుంది. లారీల వెనక మెల్లగా పోతున్నాం. ఉన్నట్టుండి, వెనకవాళ్లకు వినబడకుండా నా వైపు వంగింది.

"గా ఆట, ఇంటికి వోయినంక నాకొకపారి వెట్టియ్యి బిడ్డా."

"నీకెందుకమ్మా?"

"ఆపకుంట వోతె ఎట్లుంటదో సూడాలె."